వికలాంగుల గైర్హాజరు ఓటింగు: ఒక చారిత్రక పరిశీలన

భారత రాజ్యాంగంలోని 326వ అధికరణం వయోజన ఓటుహక్కును సార్వత్రికం చేసింది. అయితే ఆ హక్కు వినియోగం పోలింగు కేంద్రానికి స్వయంగా చేరుకోగలగడంపై ఆధారపడింది. పోస్టల్ బ్యాలెట్ చిరకాలం ప్రధానంగా సైనికులకు, ఎన్నికల విధుల్లోని ఉద్యోగులకు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికి పరిమితమైంది. అంటే రాజ్యం తాను కల్పించిన గైర్హాజరునే గుర్తించింది. మెట్లు ఎక్కలేనివారి గైర్హాజరును గుర్తించలేదు.

తొలిదశ సంస్కరణలు ఓటరును కేంద్రానికి చేర్చడానికే ఉద్దేశించినవి. ఎన్నికల నిర్వహణ నియమాలు అంధులకు, అశక్తులకు సహాయకుని అనుమతించాయి. సహాయకుడు గోప్యత పాటిస్తానని ప్రకటన ఇవ్వాలి. ఒకే రోజున ఒక్కరికి మించి తోడ్పడరాదు. అయినా ఓటరు రహస్యం మరొకరికి తెలియక తప్పలేదు. 2004లో పోలింగు కేంద్రాల వద్ద ర్యాంపుల ఏర్పాటుకు సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ శాసనసభ నియోజకవర్గ ఉప ఎన్నికలో ఓటింగు యంత్రాలపై బ్రెయిలీ గుర్తులను ప్రయోగాత్మకంగా అమర్చారు. అంధుల ఓటుకు గోప్యతను తిరిగి ఇచ్చిన ప్రయత్నమది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 11వ సెక్షన్ పోలింగు కేంద్రాలన్నీ వికలాంగులకు అందుబాటులో ఉండాలని నిర్దేశించింది. మలిదశ 2019 అక్టోబరు నియమ సవరణతో మొదలైంది. ఎనభై ఏళ్లు దాటినవారితోపాటు వికలాంగులు కూడా 'గైర్హాజరు ఓటర్లు' అయ్యారు. అదే ఏడాది ఝార్ఖండ్ శాసనసభ ఎన్నికల్లో ఏడు నియోజకవర్గాల్లో ఈ విధానం అమలైంది. 2021లో దీనిని సవాలు చేసిన పిటిషన్‌ను మద్రాసు హైకోర్టు తిరస్కరించింది. తెలంగాణలో 2023 శాసనసభ ఎన్నికల్లో, ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఎన్నికల్లో ఇంటివద్ద ఓటింగు జరిగింది. వయోపరిమితిని 2024లో 85 ఏళ్లకు పెంచినా, 40 శాతం వైకల్యమనే అర్హత మారలేదు.

ఈ విధానంలో ఓటరు 12-డి ఫారం సమర్పిస్తే అధికారుల బృందం ఇంటికి వస్తుంది; ప్రక్రియను వీడియో తీస్తారు. అయితే పోస్టల్ బ్యాలెట్ ఎంచుకున్నవారు పోలింగు కేంద్రంలో ఓటు వేయడానికి వీలులేదు. పైగా కేంద్రంలోని ఓటింగు అర ఓటరును కుటుంబం చూపునుండి కూడా కాపాడుతుంది. పోషణకు కుటుంబంపై ఆధారపడినవారికి ఇంట్లో అంతటి ఏకాంతం సులభం కాదు. చేతితో గుర్తు పెట్టలేనివారికి మళ్లీ సహాయకుడే శరణ్యం. అంటే చేరువ పెరిగినచోట గోప్యత సన్నగిల్లే ప్రమాదముంది.

కనుక ఇంటివద్ద ఓటు ర్యాంపుకు ప్రత్యామ్నాయం కారాదు. కేంద్రం నిజంగా అందుబాటులో ఉన్నప్పుడే ఇంటివద్ద ఓటు వికలాంగుల స్వేచ్ఛాయుత ఎంపిక అవుతుంది. లేనినాడు అది ప్రజాక్షేత్రం నుండి వారిని మర్యాదగా దూరముంచే ఏర్పాటుగా మిగులుతుంది.