యజమాని కాని మనిషి కోసం

కుక్క అనగానే మనకు మొదట గుర్తొచ్చేది విశ్వాసం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషిని తిట్టాలన్నా కుక్కనే సాక్ష్యానికి పిలుస్తాం. కానీ మంచు కింద, కూలిన ఇళ్ల కింద చిక్కుకున్నవాళ్లను వెతికి పట్టిన కుక్కల చరిత్ర చూస్తే విశ్వాసం అనే మాట సగం దూరమే వస్తుంది. అన్నం పెట్టినవాడి కోసం ప్రాణాలొడ్డటం ఒక సంగతి. ముఖం కూడా ఎరగని మనిషి కోసం ఇనప చువ్వల మధ్య, విరిగిన స్లాబుల మీద గంటల తరబడి తిరగడం ఇంకో సంగతి. మొదటిదాన్ని కుక్క తనంతట తానే చేస్తుంది. రెండోది చేయించడానికి మనుషులు నేర్చుకోవలసింది చాలా ఉంది. ఆ నేర్చుకోవడానికి దాదాపు మూడు శతాబ్దాలు పట్టింది.

వెతికే కుక్క అనే ఊహ మాత్రం చాలా పాతది. రుగ్వేదం పదో మండలంలో సరమ అనే ఆడకుక్క పణులు దాచేసిన ఆవుల జాడ పట్టి, రసా నదిని దాటి వాళ్ల ఎదుటికే వెళ్లి మాట్లాడుతుంది. తెలుగు పాఠకులకు ఈ సరమ నన్నయ భారతంలో ఆదిపర్వం మొదట్లోనే కనిపిస్తుంది. తన పిల్లను జనమేజయుడి తమ్ముళ్లు అన్యాయంగా కొట్టారని రాజును నిలదీస్తుంది. భారతం చివర ధర్మరాజు వెంట నడిచిన కుక్క ఉండనే ఉంది. అక్కడ కాపాడినవాడు మనిషి, కాపాడబడింది కుక్క.

కాపలా కుక్క కథల్లో ఎక్కువ దూరం ప్రయాణించిన కథకు మూలం మన పంచతంత్రమే. ఉయ్యాలలో బిడ్డను కాపాడటానికి పామును చంపిన ముంగిసను, దాని మూతికి అంటిన నెత్తురు చూసి తల్లి చంపేసిన కథ అది. యూరప్ చేరేసరికి ముంగిస వేటకుక్క అయింది. వేల్స్‌లో అది లీవెలిన్ అనే రాజు కుక్క గెలెర్ట్. అక్కడ పామూ తోడేలుగా మారింది. బెడ్‌గెలెర్ట్ అనే ఊళ్లో ఈ కుక్క సమాధిని నేటికీ చూపిస్తారు. పద్దెనిమిదో శతాబ్దం చివర స్థానిక హోటల్ నడిపే పెద్దమనిషి ఒకరు యాత్రికులను రప్పించుకోవడానికి ఆ కథను ఊరికి తగిలించాడని చెబుతారు. ఫ్రాన్స్‌లో లియోన్ దగ్గర ఇంకా విచిత్రం జరిగింది. పదమూడో శతాబ్దంలో ఎతియెన్ ద బుర్బోన్ అనే మతాధికారి, రైతులు గీన్‌ఫోర్ అనే ఒక సెయింట్‌కు మొక్కుకుని జబ్బుపడ్డ పిల్లలను ఆయన సమాధి దగ్గరకు తీసుకెళ్తున్నారని విని, ఎవరీ మహానుభావుడని ఆరా తీశాడు. తేలింది ఒక వేటకుక్క! ఎముకలు తవ్వించి కాల్పించాడు. అయినా మొక్కులు ఆగలేదు, ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లు సాగాయి. చర్చి ఎంత కోప్పడినా, పిల్లలను కాపాడే పని కుక్కకు అప్పజెప్పడం ఆ తల్లులకు తప్పనిపించలేదు.

ఈ కథలన్నింటిలోనూ కుక్క ఒక ఇంటిది, కాపాడేది ఆ ఇంటి బిడ్డను. పరాయివాళ్ల కోసం వెతకడం ఒక కొలువుగా మారింది ఆల్ప్స్ కొండల్లో. స్విట్జర్లాండ్, ఇటలీల మధ్య 2,469 మీటర్ల ఎత్తున గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ ఉంది. పదకొండో శతాబ్దం నుంచి అక్కడ సన్యాసుల సత్రం నడుస్తోంది. కనుమ దాటే బాటసారులకు అన్నం పెట్టడం, దారి తప్పినవాళ్లను తీసుకురావడం వాళ్ల పని. కుక్కలు అక్కడికి ఎప్పుడొచ్చాయో చెప్పే తొలి ఆధారాలు పదిహేడో శతాబ్దం చివరి నాటి బొమ్మలు. మొదట కాపలాకే తెచ్చి ఉంటారు. పొగమంచులో కూడా దారి మరవవని, వెడల్పాటి ఛాతీతో మెత్తటి మంచును చీల్చుకుంటూ ముందు నడుస్తాయని, మంచులో కూరుకుపోయిన మనిషిని వాసనతో పడతాయని పోనుపోనూ తెలిసింది. సుమారు రెండు వందల ఏళ్లలో ఆ సత్రం కుక్కల సాయంతో రెండు వేల మందిదాకా బతికారని ఒక అంచనా.

వాటిలో పేరు మిగిలింది బ్యారీకి. 1800లో పుట్టింది, నలభై మందికి పైగా కాపాడిందని ప్రతీతి. 1812లో ముసలిదైందని సత్రం పెద్ద దాన్ని బెర్న్ నగరానికి పంపితే, రెండేళ్లు అక్కడ విశ్రాంతిగా బతికి 1814లో చనిపోయింది. దాని చర్మంతో చేసిన నమూనా బెర్న్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. బ్యారీ చుట్టూ అల్లుకున్న కథల్లో చాలా వాటికి ఆధారం లేదు. నలభై ఒకటో మనిషి తోడేలనుకుని కత్తితో పొడిచి చంపాడన్నది కల్పన, ఎందుకంటే అది చచ్చిపోయింది ఊళ్లో, వయసు మీదపడి. మెడకు వేలాడే బ్రాందీ పీపాయి కూడా 1820లో ఎడ్విన్ లాండ్‌సీర్ అనే ఆంగ్ల చిత్రకారుడు వేసిన బొమ్మ పుణ్యమే. నిజానికి మంచులో గడ్డకట్టిన మనిషికి మద్యం పోస్తే ఒంట్లో ఉన్న కాస్త వేడీ చర్మం గుండా బయటికి పోతుంది. అయినా జనానికి పీపాయే నచ్చింది. ఇప్పటికీ సెయింట్ బెర్నార్డ్ బొమ్మ గీసే ఏ పిల్లాడూ దాన్ని వదలడు.

బ్యారీ మనం ఇప్పుడు చూసే సెయింట్ బెర్నార్డ్ కంటే బాగా చిన్నది, తేలిక. తర్వాతి దశాబ్దాల్లో సత్రంలో కుక్కలు తగ్గిపోతే న్యూఫౌండ్‌లాండ్ జాతితో కలిపి పిల్లలు పుట్టించారు. పొడవాటి జుట్టు చలికి పనికొస్తుందనుకుంటే, ఆ జుట్టుకు మంచు గడ్డలుగా పట్టి నడవడమే కష్టమైంది. ఆ తర్వాత ప్రదర్శనల మోజులో ఈ జాతిని బరువెక్కించారు. ఈనాడు మంచు చరియల కింద వెతకడానికి ఎక్కువగా తీసుకెళ్లేది జర్మన్ షెపర్డ్‌ల వంటి చురుకైన కుక్కలను. హెలికాప్టర్‌లో ఎక్కించడానికి అవి వీలుగా ఉంటాయి. పేరు ఒకరిది, పని మరొకరిది.

బ్యారీ కాలానికి లేనిది ఒకటుంది: కుక్క ఏం కనిపెట్టిందో మనిషికి తెలిపే ఖచ్చితమైన సంకేతం. అది యుద్ధాల్లో తయారైంది. జర్మనీలో జీన్ బుంగార్ట్జ్ అనే జంతువుల చిత్రకారుడు 1890లలోనే గాయపడ్డ సైనికులను వెతికే కుక్కలకు శిక్షణ మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో చాలా దేశాలు రెడ్‌క్రాస్ గుర్తు తొడిగిన ఈ కుక్కలను చీకటి పడ్డాక రణరంగంలోకి వదిలాయి. అరిస్తే శత్రువు తుపాకీ పేలుతుంది కాబట్టి మొరగకూడదు. అందుకని గాయపడ్డవాడి టోపీయో గుడ్డముక్కో నోట కరిచి తెచ్చేలా నేర్పారు. ఇందులో చిక్కు వెంటనే బయటపడింది. టోపీ దొరక్కపోతే కుక్క ఏదో ఒకటి లాగాలని చూసేది, గాయానికి కట్టిన కట్టును కూడా. దానికి జర్మన్లు కనిపెట్టిన మందు చాలా సులువైంది. మెడపట్టీకి చిన్న తోలుముక్క వేలాడదీశారు. మనిషి కనిపిస్తే కుక్క ఆ ముక్కను తన నోట్లో పెట్టుకుని తిరిగొస్తుంది, కనిపించకపోతే అది మెడకే వేలాడుతుంది. చీకట్లో శిక్షకుడు చేత్తో తడిమి చూసుకుంటే చాలు, సంగతి తెలిసిపోతుంది. ఆ తర్వాత కుక్కకు పట్టీ తగిలించి దాని వెంట వెళ్తాడు. పతకాల కథల కంటే ఈ తోలుముక్క నాకు ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. కుక్క మొదటి నుంచీ చెబుతూనే ఉంది, వినడం మనం ఇక్కడ నేర్చుకున్నాం.

అదే యుద్ధం చూపు పోయిన సైనికులను వేల సంఖ్యలో వెనక్కి పంపింది. 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో వాళ్లకు దారి చూపే కుక్కల తొలి పాఠశాల తెరిచారు. డొరొతీ హారిసన్ యూస్టిస్ అనే అమెరికన్ మహిళ ఈ పని చూసి 1927లో ఒక పత్రికలో రాసింది. ఆ వ్యాసం విన్న మారిస్ ఫ్రాంక్ అనే అంధ యువకుడు ఆమెకు ఉత్తరం రాసి, స్విట్జర్లాండ్ వెళ్లి బడ్డీ అనే కుక్కతో తిరిగొచ్చాడు. 1929లో యూస్టిస్, ఫ్రాంక్ కలిసి సీయింగ్ ఐ సంస్థ పెట్టారు. ఈ శిక్షణలో కష్టమైన పాఠం మాట వినడం కాదు, అవసరమైనప్పుడు వినకపోవడం. యజమాని ముందుకు పద అన్నా, ఎదురుగా కారు వస్తుంటే కుక్క కదలకూడదు. విశ్వాసం పేరుతో మనం మెచ్చుకునే విధేయతకు ఇది సరిగ్గా వ్యతిరేకం.

రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు పోప్లర్ అనే పేటలో ఇల్లు కూలి దిక్కులేక తిరుగుతున్న ఒక నాటుకుక్కను గాలిదాడుల కాపలాదారు ఒకరు చేరదీశారు. పేరు రిప్. శిక్షణ ఏమీ లేదు, ఎవరూ పని చెప్పలేదు. శిథిలాల్లో తనే వాసన చూసి తవ్వేది. ఏడాదిలో వంద మందికి పైగా బయటపడటానికి కారణమైంది. యుద్ధం చివర్లో ఇర్మా, జెట్ వంటి జర్మన్ షెపర్డ్‌లకు ఇదే పని పద్ధతిగా నేర్పించి దింపారు. ఒకచోట ఇర్మా రెండు రోజులపాటు పట్టు వదలకపోతే, చివరికి ఇద్దరు ఆడపిల్లలు ప్రాణాలతో దొరికారు. 1943లో మరియా డికిన్ అనే మహిళ జంతువుల కోసం పెట్టిన శౌర్యపతకం ఈ మూడింటికీ వచ్చింది. అసలు ఆ పతకం తొలి గ్రహీతలు కుక్కలు కూడా కాదు, మూడు పావురాలు.

రిప్ మన ఊరకుక్కల్లాంటిదే. అలాగని ఊరకుక్క సహజంగానే వీరుడని రాస్తే తెలుగు పాఠకుడు పత్రిక పక్కన పడేస్తాడు, తప్పు కూడా లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాడిని వీధికుక్కలు చంపిన దృశ్యాన్ని కెమెరాలో చూసినవాళ్లం. ఆ పిల్లాడి మీద పడిన కుక్కకూ, పోప్లర్‌లో తవ్విన కుక్కకూ ముక్కు ఒకటే, పళ్లూ ఒకటే. తేడా వచ్చింది దాన్ని చేరదీసిన చేతి దగ్గర.

సరిగ్గా అదే నెలలో, ఆరో తేదీన, తుర్కియేను భూకంపం కుదిపేసింది. మన జాతీయ విపత్తు స్పందన దళం, అంటే ఎన్‌డీఆర్‌ఎఫ్, అక్కడికి లాబ్రడార్లను వెంట తీసుకెళ్లింది. గాజియాంతెప్ ప్రాంతంలోని నూర్దాగీలో కూలిన భవనం మీద జూలీ ఒకచోట ఆగి మొరిగింది. అంతటితో తవ్వడం మొదలుపెట్టలేదు. రోమియో అనే రెండో కుక్కను విడిగా పంపారు, అదీ అక్కడే మొరిగింది. అప్పుడు తవ్వితే ఆరేళ్ల పాప బతికి దొరికింది. ఒక కుక్క మాటను రెండో కుక్కతో సరిచూసుకోవడం ఇప్పుడు వెతికే బృందాలు పాటించే జాగ్రత్త. ఎందుకంటే శిథిలాల్లో వాసన నిట్టనిలువుగా పైకి రాదు. పగుళ్ల గుండా, గాలి ఎటు లాగితే అటు పోయి, మనిషి ఉన్న చోటికి దూరంగా బయటపడుతుంది. మొరిగిన చోటు నుంచి మనిషి ఎటువైపు ఉండొచ్చో లెక్క కట్టే పని కుక్కను నడిపే హ్యాండ్లర్‌ది.

కుక్కకు ఇదంతా ఆట. పసికూనగా ఉన్నప్పుడే ఒకరు బంతి పట్టుకుని గోడ వెనకో పీపాలోనో దాక్కుంటారు. వెతికి, మొరిగితే బంతి ఇచ్చి కాసేపు లాగులాట ఆడతారు. మొదట దాక్కునేది తెలిసినవాళ్లు, తర్వాత తెలియనివాళ్లు, తర్వాత మూత పెట్టిన గోతిలో. ఏ మనిషి దొరికినా ఆట దొరుకుతుందని కుక్క మనసులో నాటుకుపోతుంది. 2001లో న్యూయార్క్ జంట భవనాలు కూలినప్పుడు బతికున్నవాళ్లు దొరక్క కుక్కలు నీరసపడితే, హ్యాండ్లర్లు తమవాళ్లనే శిథిలాల్లో దాచి వాటితో వెతికించారు. ఆట గెలిచాకే అవి మళ్లీ పనికి ఉత్సాహం చూపాయి.

శవాలను వెతికే కుక్కలది ఇదే విద్యలో మరో శాఖ. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. సొరంగం లోపల దాదాపు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో బురద, నీరు, విరిగిన యంత్రం. కేరళ పోలీసుల దగ్గరున్న బెల్జియన్ మాలినోయిస్ కుక్కలను విమానంలో రప్పించారు. అంతకు ముందు ఏడాది వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డప్పుడు కూడా కేరళ పోలీసు కుక్కలు ఇదే పని చేశాయి. సొరంగంలో అవి కొన్ని చోట్ల గుర్తు చూపాయి. మార్చి 9న ఒక మృతదేహం, 25న మరొకటి బయటికొచ్చాయి. బతికించలేకపోయినా, ఇంటివాళ్లకు దహనం చేసుకోవడానికి దేహం దక్కడం చిన్న విషయం కాదని మన ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు.

ఇక ఈ కుక్కలకు తిరిగి మనమిచ్చినదాని చరిత్ర పొట్టిది, అంత గర్వంగా చెప్పుకునేది కాదు. వియత్నాం యుద్ధానికి అమెరికా తీసుకెళ్లిన వేల కుక్కల్లో ఇల్లు చేరినవి రెండు వందలకు అటూఇటూ. మిగతావాటిని సైన్యం వాడేసిన సామాను కింద జమకట్టింది. పనినుంచి తప్పించిన సైనిక కుక్కలను ఇళ్లలో పెంచుకునే వీలు కల్పిస్తూ అక్కడ చట్టం వచ్చింది 2000లో. మన సైన్యంలోనూ పనికిరాని కుక్కలను చంపేసే పద్ధతి ఉండేదని 2015లో సమాచార హక్కు కింద బయటపడి గొడవయ్యాకే మార్పు మొదలైంది. ఇప్పుడు పదవీ విరమణ చేసిన కుక్కలను దత్తత ఇస్తున్నారు, చాలాసార్లు మొదట ముందుకొస్తున్నది వాటి హ్యాండ్లర్లే.