కోడి, కుంపటి, గడియారం

1906 జనవరిలో బొంబాయి శివారు నూలుమిల్లుల కార్మికులు వేల సంఖ్యలో మగ్గాలు విడిచి బయటికి వచ్చారు. మిల్లులపై రాళ్లు రువ్వారు. ఆ ఆగ్రహం నగరం నడిబొడ్డుకు కూడా పాకింది. పదిహేను వేల మందికి పైగా పౌరులు వినతిపత్రాలపై సంతకాలు చేశారు. అంతటి అలజడికి కారణం గడియారం. ఆ ఏడాది మొదటి తేదీ నుంచి గ్రీనిచ్‌కు ఐదున్నర గంటలు ముందుండే కొత్త ప్రామాణిక కాలాన్ని దేశమంతా పాటించాలని బ్రిటిష్ ప్రభుత్వం నిర్ణయించింది. బొంబాయి స్థానిక కాలం దానికన్నా 39 నిమిషాలు వెనుక ఉండేది. కొత్త గడియారం ఆరు కొట్టే వేళకు బొంబాయి ఆకాశంలో ఇంకా 5 గంటల 21 నిమిషాలే. మిల్లు యజమాని గేటు వేళ మార్చకుండా గడియారం ముల్లు ఒక్కటి జరిపితే చాలు, కార్మికుడు 39 నిమిషాలు ముందుగా చీకట్లో నిద్ర లేవవలసిందే. ఆ సంగతి కార్మికులకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేకపోయింది.

గడియారాలను వేసవికి ఒక గంట ముందుకు, శీతాకాలానికి ఒక గంట వెనక్కు జరిపే పద్ధతిని రద్దు చేయాలా అన్న చర్చ నేడు ఐరోపాలోనూ అమెరికాలోనూ సాగుతోంది. భారతదేశంలో ఆ పద్ధతి లేదు గనుక ఇది మనకు పట్టని చర్చగా తోస్తుంది. కానీ దక్షిణాసియా ఈ ప్రయోగాన్ని ఒకటికి నాలుగుసార్లు చేసి చూసింది. ఆ చరిత్రను పరిశీలిస్తే, కాలాన్ని జరపడమనే పని వెనుక ఉన్న అధికార స్వభావం తేటతెల్లమవుతుంది.

దేశానికి ఒకే కాలం అన్న భావన రైళ్లతోపాటు వచ్చింది. ఊరికొక మధ్యాహ్నం ఉన్నంతకాలం రైళ్ల రాకపోకల పట్టిక తయారు చేయడం అసాధ్యం. 1792లో ఈస్టిండియా కంపెనీ అధికారికంగా నెలకొల్పిన మద్రాసు నక్షత్రశాల కాలాన్ని రైల్వేలు స్వీకరించాయి. బొంబాయికి, కలకత్తాకు నడుమ ఉండడం మద్రాసుకు కలిసివచ్చింది. 1881లో బొంబాయి గవర్నరు జేమ్స్ ఫెర్గూసన్ ఆ మద్రాసు కాలాన్నే నగరం మీద రుద్దబోతే అక్కడి పౌరసమాజం ప్రతిఘటించింది. రెండేళ్లకు ప్రభుత్వం వెనక్కు తగ్గింది.

ఇరవై ఏళ్ల తరువాత కర్జన్ హయాంలో ఆ పట్టు మళ్లీ బిగిసింది. 1905 జూలై 1 నుంచి రైల్వేలు, తంతి కార్యాలయాలు కొత్త కాలాన్ని అనుసరించాయి. అదే ఏడాది అక్టోబరులో బెంగాల్ విభజన అమలైంది. ఆ వాతావరణంలో, సర్కారు గడియారాన్ని ధిక్కరించడం కూడా ఒక రాజకీయ వైఖరి అయింది. కలకత్తా తన స్థానిక కాలాన్ని 1948 దాకా వదులుకోలేదు. బొంబాయిలో పాత కాలం 1955 ప్రాంతం వరకూ ఏదో ఒక రూపంలో నిలిచింది. 1947 ఆగస్టు 15 అర్ధరాత్రి స్వాతంత్ర్యం వచ్చిన ఘడియకు బొంబాయి కాలం లెక్కన ఇంకా 11 గంటల 21 నిమిషాలే.

మనం నేడు పాటించే ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మీర్జాపూర్ సమీపంగా దిగివచ్చి, కాకినాడ చేరువలో సముద్రంలో కలుస్తుంది. అందువల్ల కోస్తా ఆంధ్రలో గడియారానికీ సూర్యుడికీ పెద్దగా పేచీ రాదు. మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం కూడా జాతీయ పంచాంగ గణనకు ఈ రేఖాంశాన్నే ఎంచుకుంది. వలస పాలకులు విధించిన రేఖను స్వతంత్ర భారతం ఆ విధంగా తనదిగా చేసుకుంది. ఒకే కాలం జాతీయ ఐక్యతకు చిహ్నమన్న భావన అప్పటి నుంచి బలపడింది.

రుతువును బట్టి గడియారం జరపడం మొదటి ప్రపంచయుద్ధపు సంతానం. 1916 ఏప్రిల్ 30న జర్మనీ, మరుసటి నెలలో బ్రిటన్ బొగ్గు ఆదా కోసం దానిని చేపట్టాయి. రెండో యుద్ధంలో ఆ ఆలోచన భారతదేశానికి దిగుమతి అయింది. 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు దేశంలోని గడియారాలు ఒక గంట ముందుకు నడిచాయి. క్విట్ ఇండియా ఉద్యమ నాయకులు జైళ్లలో ఉన్న కాలమది. ప్రజలను అడిగే ప్రసక్తే లేదు. యుద్ధం ముగియగానే ఆ గంట కూడా పోయింది.

అది తిరిగి రాకపోవడానికి భూగోళమే ఒక కారణం. లండన్‌లో అతి పొడవైన పగటికీ అతి పొట్టి పగటికీ తేడా ఎనిమిది గంటల పైమాట. ఢిల్లీలో అది మూడున్నర గంటలకు కాస్త ఎక్కువ. హైదరాబాదులో రెండు గంటలకు అటూ ఇటూ. కన్యాకుమారిలో గంట కూడా లేదు. వేసవిలో తెల్లవారుజామున వృథాగా పోయే వెలుగు ఉన్నచోట దానిని సాయంత్రానికి జరపడంలో అర్థముంది. లేని వెలుగును ఏ చట్టమూ జరపలేదు. పైగా ఉష్ణదేశంలో మండే సాయంత్రాన్ని మరో గంట పొడిగించమని కోరేవారు అరుదు.

అయినా కరెంటు కొరత ముంచుకొచ్చినప్పుడల్లా పొరుగు ప్రభుత్వాలకు గడియారమే గుర్తుకు వచ్చింది. ముషారఫ్ పాలనలో పాకిస్తాన్ 2002లో వేసవి కాలమానాన్ని ప్రయోగించి ఒక్క ఏడాదికే విరమించింది. 2008, 2009లలో తీవ్రమైన విద్యుత్ కోతల నడుమ మళ్లీ చేపట్టి మళ్లీ విడిచిపెట్టింది. బంగ్లాదేశ్ 2009 జూన్ 19 రాత్రి గడియారాలను గంట ముందుకు జరిపింది. సెప్టెంబరుతో ముగించవలసిన ఏర్పాటును శీతాకాలంలోకి లాగింది. పిల్లలు చీకట్లో బడికి బయలుదేరవలసి రావడంతో అసంతృప్తి పెరిగింది. డిసెంబరు 31తో ఆ ప్రయోగానికి తెర పడింది.

శ్రీలంక అనుభవం మరింత లోతైనది. జలవిద్యుత్తుపై ఆధారపడిన ఆ ద్వీపం కరువు కాటుకు గురై 1996 మే నెలలో గడియారాన్ని గంట ముందుకు, అక్టోబరులో అరగంట వెనక్కు జరిపింది. తమిళ పులుల ఆధీనంలోని ప్రాంతాలు ఈ మార్పులను ఖాతరు చేయలేదు. పాత కాలాన్నే పాటించాయి. ఫలితంగా ఒకే ద్వీపంలో రెండు కాలాలు నడిచాయి. యుద్ధరేఖ దాటితే చేతి గడియారం సరిచేసుకోవలసిందే. 2006 ఏప్రిల్ నూతన సంవత్సర వేళ కొలంబో మళ్లీ ఐదున్నర గంటల లెక్కకు వచ్చింది. నేపాల్ 1986లో భారత కాలాన్ని విడిచి పావుగంట ముందుకు జరిగింది. పెద్ద పొరుగుదేశం నుంచి వేరుగా నిలవడానికి పదిహేను నిమిషాలు చాలని ఖాట్మండు నిరూపించింది.

భారతదేశంలో ఈ వివాదం ఈశాన్యంలో సజీవంగా ఉంది. దేశం తూర్పు పడమరలుగా దాదాపు ముప్ఫై డిగ్రీల మేర విస్తరించింది. అంటే సూర్యుడి లెక్కలో ఈ కొసకూ ఆ కొసకూ సుమారు రెండు గంటల వ్యత్యాసం. అరుణాచల్‌లో వేసవిలో నాలుగున్నర కాకముందే సూర్యుడు ఉదయిస్తాడు. కార్యాలయాలు తెరుచుకునే వేళకు పూట సగం గడిచిపోతుంది. శీతాకాలంలో సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలోనే పొద్దుగుంకుతుంది. అస్సాం తేయాకు తోటలు దీనికి తమదైన పరిష్కారం ఏనాడో కనుగొన్నాయి. ప్రామాణిక కాలానికి గంట ముందుండే ‘చాయ్ బగాన్’ సమయం అక్కడ నేటికీ నడుస్తోంది. ఒకప్పుడు విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వెళ్లిన కూలీల సంతతి కూడా ఆ తోటల్లో ఆ గడియారం ప్రకారమే ఆకు కోస్తోంది.

ప్రత్యేక కాలమండలం కోసం సినీ దర్శకుడు జాహ్ను బారువా ఏళ్ల తరబడి గొంతెత్తారు. 2014లో అస్సాం ముఖ్యమంత్రి తరుణ్ గొగోయ్, 2017లో అరుణాచల్ ముఖ్యమంత్రి పెమా ఖాండూ అదే కోరిక వినిపించారు. 2017 మార్చిలో గౌహతి హైకోర్టు దీనిపై దాఖలైన వ్యాజ్యాన్ని తోసిపుచ్చింది. అంతకుముందే కేంద్రం నియమించిన ఉన్నతస్థాయి సంఘం రెండు కాలాలను సిఫారసు చేయలేదని 2004లో పార్లమెంటుకు తెలియజేశారు. అయితే దేశానికి అధికారికంగా కాలం చెప్పే జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలే 2018లో భిన్నంగా వాదించారు. అస్సాం, పశ్చిమబెంగాల్ సరిహద్దు వద్ద విభజన రేఖ గీస్తే రైళ్ల గడియారాలు మార్చవలసిన స్టేషన్లు అతి స్వల్పమని వారు చూపారు. 2025 జనవరిలో కేంద్రం వెలువరించిన ముసాయిదా నిబంధనలు దీనికి ఎదురుదిశలో నడిచాయి. చట్ట, పాలన, వాణిజ్య వ్యవహారాలన్నింటికీ భారత ప్రామాణిక కాలమొక్కటే ఆధారమని అవి ప్రతిపాదించాయి.

మధ్యేమార్గంగా దేశమంతటా గడియారాన్ని శాశ్వతంగా అరగంట ముందుకు జరపాలన్న ప్రతిపాదన కూడా ఉంది. బెంగళూరుకు చెందిన పరిశోధకులు సేన్‌గుప్తా, అహూజా దానివల్ల ఏటా 200 కోట్ల యూనిట్లకు పైగా విద్యుత్తు ఆదా కాగలదని అంచనా వేశారు. ఆ ఆదాకు మూల్యం ఎవరు చెల్లిస్తారన్న ప్రశ్న దగ్గరే చిక్కు వస్తుంది. సూర్యాస్తమయం గడియారంలో ఆలస్యమైనకొద్దీ పిల్లలు ఆలస్యంగా నిద్రపోతారు. బడి గంట మాత్రం వారికోసం ఆగదు. భారతదేశంలో గంట ఆలస్యంగా పొద్దుగుంకే ప్రాంతాల పిల్లలు సగటున 0.8 ఏళ్ల చదువు కోల్పోతున్నారని ఆర్థికవేత్త మౌలిక్ జగ్నాని అధ్యయనం తేల్చింది. ఆ నష్టం పేద కుటుంబాలలోనే అధికం. ఇరుకు గదిలో, ఉక్కలో, రణగొణధ్వనుల మధ్య పడుకునే బిడ్డకు పోయిన నిద్రను మరో వేళ పూడ్చుకునే వీలుండదు. ఈశాన్యానికి మేలు చేసే అరగంట గుజరాత్, రాజస్థాన్‌లలోని పేద పిల్లల నిద్రలో కోత పెడుతుంది. 1906 నాటి మిల్లు కార్మికుడి 39 నిమిషాలకూ దీనికీ పోలిక స్పష్టం.

పడమటి దేశాలు కూడా నూరేళ్ల అలవాటుతో విసిగాయి. రష్యా 2011లో శాశ్వత వేసవి కాలమానానికి మారి, చీకటి ఉదయాలు భరించలేక 2014లో శాశ్వత శీతాకాలమానానికి తిరిగి వచ్చింది. మెక్సికో 2022లో చాలా ప్రాంతాలలో మార్పులను రద్దు చేసింది. ఐరోపా పార్లమెంటు 2019 మార్చిలో రద్దుకు ఓటు వేసినా సభ్యదేశాల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు. అమెరికా సెనేట్ 2022లో శాశ్వత వేసవి కాలమానాన్ని ఆమోదించినా దిగువసభ దానిని చేపట్టలేదు. న్యూజెర్సీలోని తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు, ఇంటికి ఫోను చేసే ముందు తేడా తొమ్మిదిన్నర గంటలా పదిన్నర గంటలా అని లెక్క వేసుకుంటూనే ఉన్నాయి. మార్పు వద్దని అందరూ అంటున్నారు. ఏ కాలంలో ఆగాలన్న దగ్గర ఎవరికీ పొత్తు కుదరడం లేదు.

ఈ చరిత్ర నుంచి తేలే నిర్ణయాలు మూడు. రుతువును బట్టి గడియారం జరపడం భారతదేశానికి అక్కరలేదు. పొరుగుదేశాల వైఫల్యాలే అందుకు సాక్ష్యం. దేశమంతటినీ అరగంట జరపడం ఒకరి వెలుగును మరొకరి నిద్రతో కొనడమే. ఈశాన్యానికి వేరే గడియారం ఇవ్వడం మాత్రం మూసివేయదగ్గ తలుపు కాదు. దానివల్ల ఐక్యత సడలుతుందన్న భయం నిజమైతే, రెండు మహానగరాలు వేరు కాలాల్లో నడిచిన 1947లో దేశం ఒక్కటిగా నిలిచేదే కాదు. కేంద్రం అందుకు సిద్ధపడకపోతే బడి, కార్యాలయ వేళలను సూర్యుడికి అనుగుణంగా అధికారికంగా ముందుకు జరిపే మార్గమైనా తెరవాలి. తేయాకు తోటల కాలానికి కొత్త నిబంధనలలో రక్షణ కల్పించాలి.

తన కోడి కూయకపోతే, తన కుంపటి రాజుకోకపోతే ఊరికి తెల్లవారదని నమ్మిన ముసలమ్మ కథ తెలుగువారికి కొత్త కాదు. గడియారం ముల్లు తిప్పి పొద్దును శాసించబోయిన ప్రభుత్వాలన్నీ ఆ ముసలమ్మ దారినే నడిచాయి. తెల్లవారడం వారి చేతిలో ఎన్నడూ లేదు. ఎవరు ఎంత చీకట్లో లేవాలన్నది మాత్రం వారి చేతిలోనే ఉంది. ఆ నిర్ణయం తీసుకునే ముందు, చీకట్లో లేవవలసినవారిని అడిగి తీరాలి.