ఫంకడెలిక్

ఫంకడెలిక్ అమెరికాకు చెందిన ఫంక్ సంగీత బృందం. జార్జ్ క్లింటన్ నాయకత్వంలో 1960ల చివర్లో ఏర్పడింది. సోల్ సంగీతపు లయను సైకెడెలిక్ రాక్ గిటార్‌తో కలపడం దీని ప్రత్యేకత. తొలి ఆల్బమ్‌ను 1970లో డెట్రాయిట్‌లోని వెస్ట్‌బౌండ్ సంస్థ విడుదల చేసింది.

ప్రాచుర్యం: 1971 నాటి ‘మ్యాగట్ బ్రెయిన్’లో ఎడ్డీ హేజెల్ వాయించిన పది నిమిషాల గిటార్ రచన బృందానికి గుర్తింపు తెచ్చింది. 1976లో వార్నర్ బ్రదర్స్ సంస్థకు మారారు. 1978లో వచ్చిన ‘వన్ నేషన్ అండర్ ఎ గ్రూవ్’ శీర్షిక గీతం బిల్‌బోర్డ్ ఆర్ అండ్ బీ జాబితాలో ఆరు వారాలు అగ్రస్థానంలో నిలిచింది. ఆల్బమ్‌కు ప్లాటినమ్ గుర్తింపు లభించింది.

ముఖచిత్రాలు: ‘మ్యాగట్ బ్రెయిన్’ అట్టపై నేలలోంచి తల మాత్రమే బయటికి వచ్చి అరుస్తున్న స్త్రీ ఫొటో ఉంటుంది. 1973 నాటి ‘కాస్మిక్ స్లాప్’ నుంచి షికాగో చిత్రకారుడు పెడ్రో బెల్ (1950–2019) ముఖచిత్రాలు గీశాడు. మార్కర్ పెన్నుల గాఢమైన రంగులు, గ్రహాంతర జీవులు, రాజకీయ వ్యంగ్యం ఆయన శైలి. అట్ట మీది వ్యాఖ్యలనూ తానే చమత్కారంగా రాసేవాడు. 1981 ఆల్బమ్‌కు గీసిన బొమ్మ అశ్లీలంగా ఉందని వార్నర్ సంస్థ అభ్యంతరం చెప్పడంతో, అందులో చాలా భాగాన్ని కప్పి విడుదల చేశారు.

ఫంకడెలిక్‌ను, క్లింటన్ నడిపిన మరో బృందం పార్లమెంట్‌ను కలిపి పిలిచే పార్లమెంట్-ఫంకడెలిక్ సభ్యులకు 1997లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం దక్కింది.