బాయ్ బ్యాండ్ వరల్డ్ టూర్: పాట బచేలి దాకా వస్తుంది, కచేరీ ఎందుకు రాదు?

2024 జనవరిలో తమిళనాడులోని కరూర్ జిల్లాకు చెందిన ముగ్గురు బాలికలు ఇంట్లో చెప్పకుండా బయలుదేరారు. ముగ్గురూ ఎనిమిదో తరగతి చదువుతున్నారు. వయసు 13 ఏళ్లు. వాళ్ల దగ్గరున్నది దాచుకున్న 14 వేల రూపాయలు. చెన్నై మీదుగా విశాఖపట్నం చేరి, రేవులో ఓడ ఎక్కి సియోల్ వెళ్లి, అక్కడ బీటీఎస్‌ను చూడాలన్నది వాళ్ల ఆలోచన. చెన్నై దాకా వెళ్లి తిరుగుముఖం పట్టిన ఆ పిల్లలు వెల్లూరు దగ్గరి కాట్పాడి రైల్వే స్టేషన్‌లో పోలీసులకు దొరికారు. చివరికి క్షేమంగా ఇళ్లకు చేరారు.

విశాఖ నుంచి కొరియాకు ఓడలు వెళ్లే మాట నిజమే. కాకపోతే వాటిలో వెళ్లేది సరకు. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో బచేలి, కిరండూల్ పట్టణాలను ఆనుకుని ఉన్న బైలాడిల్లా కొండల్లో ఎన్ఎండీసీ తవ్వే ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో విశాఖకు వస్తుంది. అక్కడి నుంచి జపాన్‌కు, కొరియాకు ఎగుమతి అయ్యింది. జపాన్ ఉక్కు కంపెనీలతో, కొరియా కంపెనీ పోస్కోతో ఉన్న దీర్ఘకాలిక ఒప్పందాలను 2018 ఏప్రిల్ నుంచి మరో ఐదేళ్లు కొనసాగించడానికి కేంద్ర క్యాబినెట్ అనుమతి ఇచ్చింది.

బచేలి నుంచి ఖనిజం కొరియా దాకా వెళ్లింది. కొరియా పాట బచేలిలో ఫోన్ దాకా వచ్చింది. ఆ పాట పాడే బృందం మాత్రం ఇటు రాలేదు. బీటీఎస్ బృందంగా ఇప్పటిదాకా భారత్‌లో ఒక్క కచేరీ కూడా చేయలేదు. ఇక్కడ అభిమానులు లేకనా? కాదు. ఒక వరల్డ్ టూర్ ఎలా తయారవుతుందో చూస్తే కారణం అర్థమవుతుంది.

అరీనా అంటే ఏంటి?

సంగీత వ్యాపారంలో అరీనా అంటే కప్పు ఉన్న పెద్ద ఇండోర్ హాలు. సాధారణంగా 10 వేల నుంచి 20 వేల మంది పడతారు. లండన్‌లోని ఓ2, లాస్ ఏంజెలెస్‌లోని స్టేపుల్స్ సెంటర్ (ఇప్పటి పేరు క్రిప్టో డాట్ కామ్ అరీనా) ఈ కోవలోవి. స్టేడియం అంటే 40 వేల నుంచి లక్ష మంది దాకా పట్టే మైదానం.

తేడా సీట్ల లెక్కలోనే లేదు. అరీనాలో వానతో పేచీ ఉండదు. లైట్లు, స్పీకర్లు, తెరలు వేలాడదీయడానికి టన్నుల బరువు మోసే ఇనుప చట్రం కప్పులోనే ఉంటుంది. లారీలు నేరుగా వేదిక దాకా వస్తాయి. పొద్దున సామాను దించి, సాయంత్రం కచేరీ చేసి, అర్ధరాత్రికల్లా విప్పేసి తర్వాతి ఊరికి బయలుదేరవచ్చు. ఖాళీ మైదానంలో అయితే వేదిక కట్టడానికే రోజులు పడుతుంది. కంచె, కరెంటు, మరుగుదొడ్లు, పార్కింగ్ అన్నీ కొత్తగా ఏర్పాటు చేసుకోవాలి.

అందుకే బాయ్ బ్యాండ్‌లు సాధారణంగా ఒక మెట్టు తర్వాత మరో మెట్టు ఎక్కుతాయి. ముందు చిన్న హాళ్లు, తర్వాత అరీనాలు, ఆ పైన స్టేడియాలు. బ్రిటన్ బృందం వన్ డైరెక్షన్ 2013లో 'టేక్ మీ హోమ్' పేరుతో అరీనాలు తిరిగింది. 2014లో 'వేర్ వుయ్ ఆర్' పేరుతో స్టేడియాలకు మారి, ఆ ఒక్క టూర్‌లో దాదాపు 29 కోట్ల డాలర్ల టికెట్లు అమ్మింది.

ఒక టూర్ లోపల: లవ్ యువర్‌సెల్ఫ్

ఈ మెట్లు ఎలా ఎక్కుతారో బీటీఎస్ 'లవ్ యువర్‌సెల్ఫ్' టూర్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 2013 జూన్‌లో మొదలైన ఏడుగురి బృందం 2018 ఆగస్టు 25న సియోల్ ఒలింపిక్ స్టేడియంలో ఈ టూర్ ప్రారంభించింది.

సెప్టెంబర్ 5 నుంచి అక్టోబర్ 6 మధ్య ఉత్తర అమెరికాలో ఏడు నగరాల్లో 15 కచేరీలు చేసింది. లాస్ ఏంజెలెస్‌లో నాలుగు, హామిల్టన్‌లో మూడు, ఫోర్ట్ వర్త్, నెవార్క్, షికాగోల్లో రెండేసి, ఓక్లాండ్‌లో ఒకటి. ఇవన్నీ కప్పు కింద జరిగినవే. చివరిది న్యూయార్క్‌లోని సిటీ ఫీల్డ్ స్టేడియం. అమెరికాలో ఒక కొరియా బృందం సొంతంగా స్టేడియం కచేరీ చేయడం అదే మొదటిసారి. 1965లో బీటిల్స్ పాడిన షే స్టేడియాన్ని పడగొట్టాక, ఆ స్థలం పక్కనే ఉన్నది ఈ సిటీ ఫీల్డే.

ఆ తర్వాత మూడో రోజుకే, అక్టోబర్ 9న, లండన్ ఓ2లో ఉన్నారు. అక్కణ్నుంచి ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, పారిస్. 12 రోజుల్లో నాలుగు నగరాలు, ఏడు కచేరీలు. లండన్ మొదటి రోజు రిహార్సల్‌లో జంగ్‌కుక్ మడమకు గాయమైంది. డాన్స్ చేయకుండా కుర్చీలో కూర్చుని పాడారు. కచేరీ మాత్రం ఆగలేదు.

2019 మేలో అదే టూర్ 'స్పీక్ యువర్‌సెల్ఫ్' పేరుతో పూర్తిగా స్టేడియాలకు మారింది. ఈ విడతలో 20 కచేరీలకు దాదాపు 9.76 లక్షల టికెట్లు, 11.66 కోట్ల డాలర్ల వసూళ్లు అని బిల్‌బోర్డ్ లెక్కకట్టింది. లండన్ వెంబ్లీలో రెండు రాత్రులు, సౌదీ రాజధాని రియాద్‌లో ఒకటి ఇందులో ఉన్నాయి.

మొత్తం టూర్‌లో ఆసియా నుంచి జపాన్, తైవాన్, హాంకాంగ్, సింగపూర్, బ్యాంకాక్ ఉన్నాయి. ముంబయి లేదు, దిల్లీ లేదు.

దారి ఎలా గీస్తారు?

టూర్‌కు అసలు ఖర్చు కచేరీ జరిగే రోజుది మాత్రమే కాదు, ఖాళీగా ఉన్న రోజుది కూడా. గాయకులు, డాన్సర్లు, సౌండ్, లైటింగ్ సిబ్బంది, వంటవాళ్లు, డ్రైవర్లు అందరికీ కచేరీ లేని రోజు కూడా జీతం, హోటల్, భోజనం ఇవ్వాలి. కాబట్టి దారి గీసేవాళ్లు ముందు చూసేది ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎన్ని గంటలు అన్నదే. ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, పారిస్ మధ్య లారీలు రోడ్డు మీదే వెళ్లిపోతాయి. ఒకే హాల్లో నాలుగు రాత్రులు పాడితే ఒకసారి కట్టిన వేదిక నాలుగుసార్లు సంపాదిస్తుంది.

భారత్‌కు రావాలంటే సామాను విమానంలోనో ఓడలోనో రావాలి. ఇలా తాత్కాలికంగా తెచ్చి మళ్లీ తీసుకెళ్లే పరికరాలకు సుంకం పడకుండా ఏటీఏ కార్నె అనే అంతర్జాతీయ పత్రం ఉంటుంది. మన దేశంలో దాన్ని చూసే సంస్థ ఫిక్కీ. అంటే కస్టమ్స్ దారి మూసుకుని లేదు. కానీ ఇంత దూరం వచ్చి ఒకటి రెండు కచేరీలే చేస్తే ఖర్చు తేలదు. వరసగా నాలుగైదు నగరాల్లో ఒకే వేదిక పట్టే హాళ్లు ఉంటేనే లెక్క కుదురుతుంది.

డబ్బు లెక్క ఇలా ఉంటుంది. స్థానిక ప్రమోటర్ బృందానికి ఇంత ఇస్తానని ముందే హామీ ఇస్తాడు. టికెట్లు ఎక్కువ అమ్ముడైతే బృందానికి వాటా పెరుగుతుంది. హాలు అద్దె, భద్రత, పన్నులు, ప్రచారం పోను మిగిలింది ప్రమోటర్‌ది. నష్టం వచ్చినా అతనిదే. టీషర్టులు, ఫొటో కార్డులు, లైట్ స్టిక్‌ల అమ్మకం దీనికి అదనం. బీటీఎస్ అభిమానులు పట్టుకునే లైట్ స్టిక్‌ను ఫోన్‌లో సీటు నంబరుతో అనుసంధానిస్తారు. దాంతో హాలంతా ఒకేసారి రంగు మారేలా నిర్వాహకులే నియంత్రించగలుగుతారు. అంటే ప్రేక్షకుడు కొనుక్కున్న వస్తువే వేదిక లైటింగ్‌లో భాగమైపోతుంది.

మరి భారత్‌కు ఎవరు వచ్చారు?

అసలెవరూ రాలేదని కాదు. 1993లో మొదలైన అమెరికా బృందం బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ తమ 'డీఎన్ఏ' టూర్‌లో 2023 మే 4న ముంబయిలో, 5న దిల్లీ పక్కనున్న గురుగ్రామ్‌లో పాడారు. 2019లో లిస్బన్‌లో మొదలై, కోవిడ్‌తో ఆగి, 2022లో మళ్లీ కదిలిన టూర్ అది. ఐర్లండ్ బృందం వెస్ట్‌లైఫ్ 2023 నవంబర్‌లో ముంబయి, బెంగళూరు, దిల్లీలకు వచ్చింది. గాట్7 సభ్యుడు జాక్సన్ వాంగ్ అదే ఏడాది జనవరిలో ముంబయి లొల్లాపలూజాలో పాడారు.

హైదరాబాద్ ఈ పటంలోకి ఇప్పుడిప్పుడే వస్తోంది. ఎడ్ షీరన్ 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో కచేరీ చేశారు. ఆ టూర్‌లో పుణె, చెన్నై, బెంగళూరు, షిల్లాంగ్, దిల్లీ ప్రాంతం కూడా ఉన్నాయి. బెంగళూరులో గాయని శిల్పారావుతో కలిసి ఆయన 'దేవర' సినిమాలోని 'చుట్టమల్లే' పాడి తెలుగువాళ్లను ఆశ్చర్యపరిచారు. గమనించాల్సిందేంటంటే, షీరన్ ఎక్కువగా ఒక గిటారుతో, లూప్ పెడల్‌తో ఒంటరిగా వేదిక నింపే గాయకుడు. ఏడుగురి డాన్స్‌కు, దానికి తగ్గ తెరలకు, యంత్రాలకు కావాల్సిన ఏర్పాట్లు వేరు.

తెలుగు రాష్ట్రాల్లో ఇండోర్ స్టేడియాలు లేకపోలేదు. అవి ఆటల కోసం కట్టినవి. 15 వేల మందిని కూర్చోబెట్టి, కప్పు నుంచి టన్నుల కొద్దీ పరికరాలు దించగల కచేరీ అరీనా హైదరాబాద్‌లోనూ లేదు, విశాఖలోనూ లేదు.

ఇదే సూత్రం తిరగేసి చూడండి. దేవిశ్రీ ప్రసాద్, తమన్ లాంటి సంగీత దర్శకులు అమెరికా టూర్లు చేశారు. అక్కడ హాళ్లు ముందే ఉన్నాయి, టికెట్ కొనే తెలుగువాళ్లు వాటి చుట్టుపక్కల గుంపుగా ఉన్నారు. అభిమానం ఎంతుందన్నది కాదు, అది ఎక్కడ ఒకచోట పోగై ఉందన్నది టూర్ చూస్తుంది.

బచేలి నుంచి చూస్తే

బచేలికి పెద్ద నగరమంటే విశాఖ. రైల్లో రాత్రంతా ప్రయాణం. మావోయిస్టుల బంద్ పిలుపులున్న రోజుల్లో ఆ రైళ్లను దంతెవాడ దగ్గరే ఆపేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. గనుల ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఫోన్‌లో కొరియన్ వింటారు. ముంబయిలో ఒక కచేరీ చూడాలన్నా టికెట్ ధరకు రెండు మూడు రోజుల ప్రయాణం, హోటల్, తోడు వచ్చే పెద్దవాళ్ల సెలవు కలుస్తాయి. చాలా ఇళ్లలో మాట అక్కడితోనే ముగుస్తుంది.

ఇలాంటివాళ్లకు దారి చూపింది కోవిడ్ కాలం. 2020 ఏప్రిల్‌లో మొదలు కావాల్సిన 'మ్యాప్ ఆఫ్ ద సోల్' టూర్ వాయిదా పడి, 2021 ఆగస్టులో పూర్తిగా రద్దయింది. ఆ మధ్యలో, 2020 జూన్ 14న, జరిగిన ఆన్‌లైన్ కచేరీని 107 దేశాలు, ప్రాంతాల నుంచి ఒకే సమయంలో 7.5 లక్షల మందికి పైగా డబ్బు కట్టి చూశారు. 2022 మార్చిలో సియోల్‌లో ప్రేక్షకులతో కచేరీ జరిగినప్పుడు రోజుకు 15 వేల మందినే అనుమతించారు. అరవకూడదు, చప్పట్లు మాత్రమే కొట్టాలని నిబంధన. అందులో మార్చి 12 కచేరీని 75 దేశాల్లో 3,711 సినిమా హాళ్లలో ప్రత్యక్షంగా చూపించారు. ఒక్క రోజులో 3.26 కోట్ల డాలర్లు వచ్చాయి. భారత్‌లోని మల్టీప్లెక్స్‌లు కూడా అందులో ఉన్నాయి.

అరీనా లేని చోట సినిమా హాలు ఆ పని చేయగలదని అది చూపించింది. సినిమా హాళ్లకు కొదవలేని తెలుగు రాష్ట్రాలకు ఇది చిన్న విషయం కాదు.

ఇక ముందు?

కొరియాలో ఆరోగ్యంగా ఉన్న యువకులందరూ సుమారు 18 నుంచి 21 నెలలు సైనిక సేవ చేయాలి. బీటీఎస్‌లో పెద్దవాడైన జిన్ 2022 డిసెంబర్ 13న చేరారు. 2023 డిసెంబర్ మధ్యకల్లా ఏడుగురూ ఆ విధుల్లో ఉన్నారు. అంటే కరూర్ పిల్లలు ఓడెక్కాలనుకున్న రోజుల్లో సియోల్ చేరినా, వేదిక మీద చూడటానికి బృందమే లేదు.

2025 జూన్‌లో చివరి సభ్యుడు కూడా సేవ ముగించుకున్నారు. 2026 వసంతంలో కొత్త ఆల్బమ్, ఆ వెంట వరల్డ్ టూర్ ఉంటాయని జులైలో బృందం ప్రకటించింది. వాళ్ల సంస్థ హైబ్ 2025లోనే ముంబయిలో భారత శాఖ తెరిచింది. ఒడిశాలోని మరో ఇనుము ఊరు రౌర్కెలా అమ్మాయి శ్రియా లెంకా 2022లో కొరియా బృందం బ్లాక్‌స్వాన్‌లో చేరింది. మన దేశం నుంచి తొలి కె-పాప్ గాయనిగా ఆమెకు పేరొచ్చింది.

పిల్లలున్న ఇళ్లలో గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. టూర్ తేదీలు, నగరాలు బృందం అధికారిక ఖాతాల్లోనూ, స్థానిక ప్రమోటర్ దగ్గరా ఒకేసారి కనిపించాలి. ఒకచోటే కనిపిస్తే నమ్మకూడదు. అధికారిక టికెట్ సైట్‌లో కాకుండా వాట్సాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ముందే డబ్బు అడిగేవాళ్లకు పంపకూడదు. పెద్దవాళ్లు వెంట లేకుండా పిల్లల్ని లోపలికి పంపే వయసు ఎంతో టికెట్ కొనేముందే చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు, "మేం వెళ్తాం" అని పిల్లలు అన్నప్పుడు నవ్వి ఊరుకోకుండా, పటం తీసి వాళ్లతో కలిసి దారి లెక్కేయడం మంచిది. కరూర్ పిల్లల దగ్గర డబ్బు ఉంది, రేవు పేరు తెలుసు. ఆ రేవు నుంచి కొరియాకు మనుషుల్ని తీసుకెళ్లే ఓడ లేదని మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు.