దాగెడు దీపములు, దాగిన తుప్పు

మోటారుకారునకు ముందుదీపములు కన్నులవంటివని చెప్పుట వాడుక. ఆ కన్నులకు రెప్పలు కూడ ఉండిన కార్లు కొన్ని కలవు. పగటివేళ దీపములు బండి ముక్కులో మడిగి పండుకొనియుండును. చీకటి పడగానే డ్రైవరు మీట నొక్కినచో పైకి లేచి నిలుచును. 1930-40 దశకము మొదలు 2004 వరకు, సుమారు డెబ్బది సంవత్సరములపాటు, ఇట్టి బండ్లు తయారైనవి. వాటిలో ఎక్కువ భాగము వేగముగా పోవుటకై నిర్మించిన స్పోర్ట్సు కార్లు. ఇప్పుడు వాటిని ముచ్చటపడి కాపాడుకొనుచున్నవారికి ఇంజనుకంటె ఈ దీపముల కీళ్లే ఎక్కువ తలనొప్పి కలిగించుచుండును. కారణము తుప్పు. అయితే ఆ తుప్పు కంటికి కనబడు చోట ఉండదు. దీపము లేవకపోవుటకు మూలము ఎక్కడనో లోపల ఉండును.

ఆర్మూరు ప్రాంతపు పాఠకులకు ఈ చిక్కు పూర్తిగా క్రొత్తది కాదు. పసుపు కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, వాటి పైపొట్టు పోవునట్లు మెరుగుపెట్టు ఇనుప డ్రమ్మును తలచుకొనుడు. పంట చేతికి వచ్చిన కాలమున దానికి తీరిక ఉండదు. తరువాత నెలల తరబడి అది ఒక మూల పడియుండును. వానకాలము గడచి మరల పసుపు వచ్చునాటికి దాని ఇరుసు బిగిసిపోవచ్చును. ప్రతిదినము తిరుగు ఇరుసునకు ఈ బాధ తక్కువ. కదలికవలన కందెన అన్ని వైపులకు వ్యాపించును, అప్పుడప్పుడే పుట్టిన తుప్పు రాలిపోవును. లేచి పండుకొను దీపము కూడ ఈ డ్రమ్ము జాతికి చెందినదే. దానికి పని తక్కువ, విశ్రాంతి ఎక్కువ. పైగా ముందుచక్రములు చిమ్ము బురదనీటికి ఎదురుగా దాని కాపురము.

ఇట్టి దీపములను ప్రసిద్ధికి తెచ్చినది అమెరికాలోని కార్డ్ 810 అను కారు. 1935 నవంబరులో న్యూయార్కు ప్రదర్శనమున అది మొదటిసారి జనులకు కనబడెను. దాని రూపశిల్పి గార్డన్ బ్యూరిగ్. ముందుభాగము నునుపుగా ఉండవలెనని ఆయన కోరిక. ఆ కంపెనీ కూటమికే చెందిన స్టిన్సన్ విమానములలో రెక్కలోనికి ముడుచుకొను దిగుడుదీపములు ఉండెను. వాటినే తెచ్చి కారు రెక్కలలో అమర్చిరి. డ్రైవరు ముందున్న పలకకు ఎడమవైపున ఒకటి, కుడివైపున ఒకటి చేతిపిడులు ఉండెడివి. ఒక్కొక్క పిడిని త్రిప్పి ఒక్కొక్క దీపమును లేపవలెను. రెండవ పిడిని అందుకొనుటకు కారులో ఆ చివరివరకు వంగవలసివచ్చుట ఎంత సౌకర్యమో చదువరులే ఊహింపగలరు! అయినను చేతితో త్రిప్పు పిడిలో ఒక గొప్ప సుగుణము కలదు. కీలు బిగియనారంభించినప్పుడు ఆ సంగతి మొదట చేతికే తెలియును.

1942 నాటి డిసోటో కార్లలో దీపములు మూతల వెనుక దాగెను. యుద్ధమువలన ఆ ఏడే కార్ల తయారీ నిలిచిపోయినది. ఈ పద్ధతి నిజముగా వ్యాపించుటకు అందముతోపాటు చట్టములు కూడ తోడ్పడినవి. దీపము నేలనుండి ఇంత ఎత్తుకు తక్కువ కాకుండ ఉండవలెనని ఆయా దేశములు నియమములు పెట్టినవి. అమెరికాలోనైతే 1940 నుండి గుండ్రని, నిర్ణీతమైన కొలతగల దీపములే వాడవలసియుండెను. స్పోర్ట్సు కారు ముక్కేమో నేలను తాకుచున్నట్లు ఉండవలెను. గాలిని చీల్చుకొనిపోవలెనన్న ముక్కు పల్లము కావలెను, చట్టమునకు దీపము ఎత్తు కావలెను. అవసరమైనప్పుడు మాత్రమే లేచెడు దీపము ఈ రెండింటికిని రాజీ కుదిర్చినది.

1962లో ఇంగ్లండులోని లోటస్ సంస్థ ఎలాన్ అను చిన్నకారును వెలువరించెను. సంస్థాపకుడు కోలిన్ చాప్మన్. కారు రూపకల్పనలో ముఖ్యుడు రాన్ హిక్మన్. (వడ్రంగులకు పరిచితమైన వర్క్‌మేట్ అను మడతబల్లను కనిపెట్టినవాడును ఈయనయే.) కారు పైతొడుగు గాజునారతో చేసినది, దానికి తుప్పు పట్టదు. లోపలి చట్రము మాత్రము రేకు ఉక్కుతో వెన్నెముకవలె చేసినది. మన కథకు కీలకము ఈ చట్రములోనే ఉన్నది.

ఎలాన్ దీపములను లేపునది శూన్యము. పెట్రోలు ఇంజను గాలిని పీల్చుకొను గొట్టములో, గాలిద్వారము మూసియున్నప్పుడు, బయటికంటె పీడనము చాల తగ్గును. ఆ పీల్పును ఒక రబ్బరుగొట్టము ద్వారా తెచ్చి, పలుచని పొరగల డబ్బీకి కలుపుదురు. పొరకు ఒక ప్రక్క శూన్యము, మరియొక ప్రక్క వాతావరణ పీడనము. రెంటికిని గల భేదము చదరపు సెంటీమీటరునకు అర కిలోగ్రాము అనుకొందము. పొర వైశాల్యము 50 చదరపు సెంటీమీటర్లయినచో దానిమీద 25 కిలోగ్రాముల బరువు పనిచేయును. ఒక దీపమును ఎత్తుటకు ఇది చాలును. అయితే యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కినప్పుడు గాలిద్వారము తెరచుకొని ఈ పీల్పు దాదాపు మాయమగును. అందుచేత శూన్యమును నిలువచేయుటకు ఒక పాత్ర, అది వెనుకకు పోకుండ ఒక కవాటము కావలెను. ప్రత్యేకముగా పాత్ర ఎందుకని, చట్రములోని ముందు అడ్డుపెట్టెనే మూసి పాత్రగా వాడుకొనిరి. బరువు తగ్గించుటలో చాప్మనునకు గల పట్టుదలకు ఇది మంచి ఉదాహరణము. ఇది తెలివైన ఏర్పాటే గాని, కారు బరువు మోయు భాగమును దీపము మోయు భాగమును ఒక్కటి చేయుటవలన ఒకదాని రోగము రెండవదానికి తగులుకొన్నదని నా అభిప్రాయము.

ఆ పెట్టె లోపలి గోడకు రంగు సరిగా అందదు. ఎక్కడనో అతుకువద్ద సూదిబెజ్జమంత రంధ్రము పడును. పెట్టెలోని శూన్యమే ఆ రంధ్రము గుండ తేమగాలిని, రోడ్డునీటిని లోపలికి లాగుకొనును. తుప్పు పెరుగును, రంధ్రము పెరుగును. రాత్రివేళ ఎత్తెక్కుచు యాక్సిలరేటరును బలముగా త్రొక్కినప్పుడు నిలువలోని శూన్యము చాలక దీపములు మెల్లగా వ్రాలనారంభించును. పాదము తీసినచో మరల లేచును. వెలుతురు మిక్కిలి కావలసిన క్షణముననే అది తప్పుకొనును. ప్రాణముమీదికి తెచ్చు లోపమిది.

ఇనుమునకు తుప్పు ఎందుకు పట్టునో మానవుడు తెలిసికొనుటకు చాలకాలము పట్టినది. గాలిలోని బొగ్గుపులుసు వాయువే ముఖ్యకారణమని పందొమ్మిదవ శతాబ్దమున పలువురు తలచిరి. 1903లో అమెరికా రసాయనవేత్త విట్నీ ఇది విద్యుత్సంబంధమైన క్రియ అని వాదించెను. ఇనుము ఒకచోట ఎలక్ట్రాన్లను విడిచి నీటిలో కరగును. ఆ ఎలక్ట్రాన్లు లోహము గుండ ప్రవహించి వేరొకచోట నీటిని, ఆమ్లజనిని కలిసికొనును. ఒకే ఇనుపముక్క మీద చిన్న బ్యాటరీ ఏర్పడినదన్నమాట. కేంబ్రిడ్జిలో యు. ఆర్. ఎవాన్స్ 1920-30 దశకమున చేసిన ఉప్పునీటిబొట్టు ప్రయోగము ఇంకను ముఖ్యమైనది. దీనిని ఉన్నత పాఠశాలలో సులభముగా చేయవచ్చును. శుభ్రముచేసిన ఇనుపరేకు మీద ఉప్పునీటిబొట్టు నొకదానిని ఉంచుడు. ఆ నీటిలో ముందుగా కొంచెము ఫినాఫ్తలీను, కొంచెము పొటాసియం ఫెర్రిసయనైడు కలుపవలెను. కొంతసేపటికి బొట్టు అంచున గులాబిరంగు, నడుమ నీలిరంగు తేలును. అంచున గాలి బాగుగా అందును, అచట ఇనుము క్షేమము. గాలి అందని నడిమిభాగముననే ఇనుము కరగుచున్నదని నీలిరంగు సాక్ష్యమిచ్చును. ఆమ్లజని ఎక్కువగా ఉన్నచోట కదా తుప్పు ఎక్కువ కావలెనని విద్యార్థి తప్పక అడుగును. ఆమ్లజని అవసరమే. కాని అది ఒకచోట పనిచేసి మరియొకచోట గుంట త్రవ్వును.

దీపపు కీలును ఈ దృష్టితో చూడుడు. ఉక్కు చీల ఒక గొట్టములో ఇమిడియున్నది. రెంటి నడుమ సన్నని సందు, సందులో నీరు. బయటి అంచునకు గాలి అందును, లోపల అందదు. లోపలనే లోహము తినబడును. పుట్టిన తుప్పు తాను తినిన ఇనుముకంటె ఎన్నోరెట్లు చోటు ఆక్రమించును గాన మేకు దిగగొట్టినట్లు కీలు బిగిసిపోవును. పైన రంగు నిగనిగలాడుచునే ఉండవచ్చును!

ఇక మరమ్మతు. మొదట చేయదగని పని చెప్పెదను. బిగిసిన కీలుమీద మోటారును గాని శూన్యమును గాని పదేపదే ప్రయోగింపరాదు. కడ్డీ వంగును, పండ్లచక్రము విరుగును. కలుపుకడ్డీని విడదీసి, దీపపు గిన్నెను చేతితో కదలించి చూడవలెను. అది తేలికగా కదలినచో తప్పు లేపెడు యంత్రములోనే ఉన్నది. కదలకున్నచో తప్పు కీలులో ఉన్నది. బిగిసిన చీలకు పలుచని చొరబడు నూనె పోసి రాత్రియంతయు నాననీయవలెను. పిమ్మట ఇటునటు కొద్దికొద్దిగా కదలించుట మేలు, ఒకేవైపు బలవంతము చేసినచో చీల తెగును. భాగమును బండినుండి విప్పి బయట వేడిచేయుట మరియొక ఉపాయము. పది మిల్లీమీటర్ల ఉక్కు రంధ్రము 300 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 0.036 మిల్లీమీటరు విప్పారును. వెంట్రుకకంటె సన్నని ఈ తేడాకే పెళుసైన తుప్పు పగులును. గాజునార తొడుగు, రబ్బరుగొట్టములు దగ్గర ఉండగా మంట పెట్టుట మాత్రము మూర్ఖత్వము. నూనె పోసిన భాగమునైతే ముందు శుభ్రముగా తుడువవలెను.

విప్పిన చిన్నభాగములను శుభ్రపరచుటకు విద్యుత్తును వాడవచ్చును. ప్లాస్టిక్ తొట్టిలో చాకలిసోడా నీరు పోసి, తుప్పుపట్టిన భాగమును బ్యాటరీ రుణధ్రువమునకు, పనికిరాని ఇనుపముక్కను ధనధ్రువమునకు కలుపుదురు. ఇనుము కరగించిన ప్రవాహమునకు ఎదురుప్రవాహమును మనమే పంపుచున్నాము. తుప్పు వదులై ఊడివచ్చును. అప్పుడు ఉదజని వెలువడును గాన ఆరుబయట, నిప్పునకు దూరముగా చేయవలెను. ఉప్పు వేయరాదు, విషవాయువైన క్లోరిను పుట్టును. ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ ఉక్కును వాడరాదు, విషపూరితమైన క్రోమియం లవణములు కలుగవచ్చును. గట్టి స్ప్రింగులను ఈ తొట్టిలో గాని ఆమ్లములో గాని వేయకుండుట మంచిది. ఉదజని ఉక్కులోనికి చొరబడి దానిని పెళుసు చేయును. స్ప్రింగును మార్చివేయుటే ఉత్తమము.

పూర్తిగా గీకలేని గుంటలలోని తుప్పుకు మన ఇండ్లలోనే ఒక మందు కలదు. కరక్కాయలో టానిన్లు సమృద్ధిగా ఉన్నవి. వెనుకటివారు కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి నల్లసిరా చేసెడివారు. టానికామ్లము తుప్పును తాకినప్పుడును అట్టి నల్లని పదార్థమే ఏర్పడి పొరవలె నిలుచును. ప్రదర్శనశాలలలో పాత ఇనుపవస్తువులను కాపాడుటకు టానికామ్లమును వాడుటకు ఇదే ఆధారము. ఆ పొరపైన రంగు వేయక వదిలినచో ఎక్కువకాలము నిలువదు.

మరల పట్టకుండ చేయు ఉపాయములలో యశదపు పూతది పెద్దపీట. ఒక లోహమును బలియిచ్చి మరియొకదానిని కాపాడవచ్చునని హంఫ్రీ డేవీ 1824లోనే ఓడల రాగిరేకుల విషయమున చూపెను. 1837లో ఫ్రాన్సులో సోరెల్ ఇనుమునకు యశదపుపూత పద్ధతికి పేటెంటు పొందెను. ఎలాన్ కార్లకు ఇట్టి పూతగల మార్పు చట్రములు తరువాత లభ్యమైనవి. కీళ్ల చీలలను స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేయించువారును కలరు. ఉక్కు ఎంత మేలైనదైనను క్రోమియం లేనిదే తుప్పునకు తట్టుకొనదు. ఆర్మూరు ప్రాంతముననే ఉన్న కోనసముద్రపు ఉక్కును ఇరాను వర్తకులు వెదకికొని వచ్చి కొనిపోయిరి. అచటి మూసలను, కొలుములను గూర్చి వాయ్సీ వ్రాసిన వర్ణన 1832లో అచ్చయినది. కత్తిపదునుకు పేరుపడిన ఆ ఉక్కును సైతము నూనె రాసియే కాపాడవలెను.

లోటస్ వారు తరువాతి ఎలాన్లలో చేసిన మార్పు లోహమునకు కాదు, ఆలోచనకు సంబంధించినది. శూన్యముతో దీపమును లేపుటకు బదులు స్ప్రింగుతో లేపి, శూన్యముతో పండుకొనబెట్టిరి. ఇప్పుడు పెట్టెకు రంధ్రము పడినచో దీపము దానంతట అదే లేచి నిలుచును. పగలు కొంచెము వికారముగా కనబడునేమో గాని రాత్రి దారి కనబడును. తుప్పును ఆపలేకపోయినను అది ఏ వైపునకు నష్టము చేయవలెనో నిర్ణయించిరి. 1968 నాటి ఓపెల్ జీటీలో మరల చేతిమీటయే వచ్చినది. 1963 నాటి కార్వెట్ విద్యుత్ మోటారులను వాడెను, 1968లో అదియును శూన్యమునకు మారెను. 1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5లో మోటారు చెడినచో వ్రేళ్లతో త్రిప్పి దీపమును లేపుటకు ఒక గుండీ ఉంచిరి. కార్డ్ నాటి పిడి తిరిగివచ్చినదనవచ్చును.

1980-90 దశకమున అమెరికా నియమములు సడలి, కారు ఆకారమునకు తగిన దీపములు చేయుటకు వీలు కలిగెను. పాదచారులకు దెబ్బ తగులకుండ ముందుభాగము నునుపుగా ఉండవలెనన్న ఆలోచనయు బలపడెను. 2004లో లోటస్ ఎస్ప్రీ, కార్వెట్ ఐదవతరము నిలిచిపోవుటతో ఈ దీపముల తయారీ దాదాపు ముగిసినది.

పాత ఎలాన్ గలవారు పెట్టెను పరీక్షించుటకు చేతిపంపుతో గాలిని తీసి, పీడనమాపకపు ముల్లు ఎంతసేపు నిలుచునో చూతురు. ముల్లు వెంటనే పడినచో, పెట్టెలోనికి స్వల్పముగా గాలి నింపి అతుకులకు సబ్బునీరు పూయుదురు. బుడగ వచ్చినచోట రంధ్రమున్నది. కొందరు ఆ పెట్టెను వదలివేసి విడిగా ఒక చిన్న డబ్బాను శూన్యపాత్రగా తగిలింతురు. ఇది అసలు నిర్మాణమునకు ద్రోహమని పట్టుదలగలవారు ఆక్షేపింతురు. ప్రదర్శనశాలలో నిలుచు కారునకు ఆ ఆక్షేపణ తగును. రాత్రి రోడ్డుమీద నడుచు కారునకు డబ్బాయే మేలని నా మతము. అయితే డబ్బా తగిలించినంతమాత్రమున పెట్టెలోని తుప్పు నయము కాదు. ఆ పెట్టెకే ముందుచక్రముల కట్లు బిగించియున్నవి గనుక దీపములు చక్కగా వెలుగుచున్నను దానిని విప్పి చూడక తప్పదు.