లెక్క అడిగిన పల్లెలు

చట్టములు శాసనసభలలో పుట్టునని పలువురు తలంతురు. కూలివాని ఆకలినుండి పుట్టిన చట్టములును కలవు. సమాచారహక్కు చట్టము అట్టిది. దాని మూలము రాజస్థాన రాష్ట్రమున, ఆరావళి కొండల నడుమనున్న మెట్టపల్లెలలో కలదు.

ఆ పల్లెలకు వాన తక్కువ. పంట తప్పిన యేట ప్రభుత్వము కరవుపనులు పెట్టించును. జనులు చెరువు త్రవ్వుదురు, బాట వేయుదురు. పని చేసినవానికి ప్రభుత్వము నిర్ణయించిన కనీసపు కూలి ముట్టవలెను. చేతికి వచ్చునది మాత్రము అంతకు తక్కువ. ఏలయని అడిగినచో, పుస్తకములో పని తక్కువగా నున్నదని అధికారులు బదులు చెప్పువారు. పుస్తకము చూపుడనినచో అది రహస్యమనువారు. బ్రిటిషువారు 1923లో చేసిన అధికార రహస్యముల చట్టపు నీడ స్వతంత్రభారతమున పంచాయతీ మస్టరు మీద గూడ పడియుండెను. ప్రభుత్వ వ్యవహారములను తెలిసికొనుహక్కు ప్రజలకు కలదని సుప్రీంకోర్టు 1975లోనే రాజ్ నారాయణ్ వ్యాజ్యెములో చెప్పియుండెను. ఆ తీర్పు ఢిల్లీ విడిచి పల్లెకు రాలేదు.

ఐ.ఎ.ఎస్. ఉద్యోగమును 1975లో విడిచిన అరుణా రాయ్, ఆమెతోపాటు నిఖిల్ డే, శంకర్ సింగ్ 1987లో నేటి రాజసమంద్ జిల్లాయందలి దేవ్‌డుంగ్రీ గ్రామమునకు వచ్చి ఒక మట్టియింట కాపురముండిరి. 1990 మే 1న రైతులతో, కూలీలతో కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌ను స్థాపించిరి. కనీసపు కూలికై నిరాహారదీక్షలు జరిగినవి. కూలి దక్కవలెనన్న ముందు కాగితము దక్కవలెనని ఆ దీక్షలు వారికి నేర్పినవి.

1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్‌కిరానాలో తొలి ప్రజావిచారణ జరిగినది. సంపాదించిన మస్టరును, బిల్లులను ఊరి నడుమ బిగ్గరగా చదువుట, అందు పేరున్నవారిని నిజము చెప్పుమనుట, ఇంతియే దాని పద్ధతి. పనికి రానివారి పేర కూలి చెల్లినట్లును, పూర్తికాని కట్టడము పూర్తియైనట్లును లెక్కకెక్కిన సంగతి జనులు చెవులార వినిరి. చదువురానివారికి లెక్కలతో పనియేమి యను మాట నాటితో చెల్లకపోయెను. మా సొమ్మునకు మాకు లెక్క చెప్పుడను నినాదము పల్లె పల్లెకు ప్రాకెను.

1995 ఏప్రిల్ 5న ముఖ్యమంత్రి భైరోన్ సింగ్ షెఖావత్ పంచాయతీ లెక్కల నకళ్లు ప్రజలకిత్తుమని శాసనసభలో ప్రకటించెను. ఏడాది గడచినను నకలు రాలేదు. 1996 ఏప్రిల్ 6న బ్యావర్ పట్టణపు చాంగ్ గేటు వద్ద ధర్నా ఆరంభమైనది. ఆనాడే ప్రభుత్వపు ఉత్తరువు వెలువడెను. రుసుము చెల్లించి కాగితములు చూడవచ్చునట. నకలు మాత్రము లేదు. చూచినది చేతికి రానిచో రుజువేమి? జనులు ధర్నా విడువలేదు. అది లోక్‌సభ ఎన్నికల కాలము. పల్లెలవారు ధాన్యము పంపిరి. పట్టణపు కూరగాయల వర్తకులు కూరలిచ్చిరి. నలువది దినములు అట్లు గడచినవి.

మరుసటి యేడు జయపురమున ఏబదిమూడు దినముల ధర్నా జరిగినది. దాని ముగింపున ఒక వింత బయటపడెను. పంచాయతీ లెక్కల నకళ్లు పొందు హక్కును ప్రభుత్వము ఆరు నెలల క్రిందటనే గెజెట్టులో ప్రకటించియుండెనట! ప్రజలు కోరుచున్నది తాను ఇచ్చియుంటినని ఏలినవారికే జ్ఞప్తి లేకపోయెను.

ఈ లోపల 1997లో తమిళనాడు, గోవా రాష్ట్రములు చట్టములు చేసినవి. కోరిక పుట్టిన రాజస్థానమున చట్టము 2000లో వచ్చి, 2001 జనవరి 26న అమలులోనికి వచ్చెను. దేశమంతటికి వర్తించు సమాచారహక్కు చట్టము 2005 అక్టోబరు 12నుండి నడచుచున్నది. ముప్పది దినములలో బదులియ్యవలెననియు, ప్రాణస్వేచ్ఛల విషయమైనచో నలువదియెనిమిది గంటలలో నియ్యవలెననియు దాని విధి.

ఈ కథకు తెలుగునేలతో సంబంధము లేకపోలేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో గ్రామీణ ఉపాధి పథకము ఆరంభమైనది. ఆ పథకపు చట్టమే గ్రామసభచే సామాజిక తనిఖీని విధించెను. దానికై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2009లో ప్రత్యేక సంస్థను నెలకొల్పెను. మస్టరును ఊరి నడుమ చదివించు ఆ రీతి కోట్‌కిరానాలో మొలచినదే.

రాజస్థానమున లెక్క అడుగుట అంతతో ఆగలేదు. ఆరోగ్యమును హక్కుగా గుర్తింపుమని పౌరసంఘములు కోరగా, శాసనసభ 2023 మార్చి 21న ఆరోగ్యహక్కు బిల్లును ఆమోదించెను. అత్యవసర చికిత్సకు ముందుగా సొమ్ము చెల్లింపలేనివానిని త్రిప్పి పంపరాదనుట అందలి ముఖ్యాంశము. ఆ ఖర్చు తమపై పడునని ప్రైవేటు వైద్యులు పని మానిరి. ఏప్రిల్ 4న ప్రభుత్వముతో ఒప్పందము కుదిరి సమ్మె ముగిసినది. కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు ఆ ఒప్పందముచే చట్టపు పరిధికి వెలుపల నిలిచినవి.

పంచాయతీ గుమ్మమున శాసనసభ మాట ఒకనాడు చెల్లలేదు. ఆసుపత్రి గుమ్మమున చెల్లునో లేదో తేల్చువారు శాసనకర్తలు కారు. రోగిని బండిపై తెచ్చి, లోనికి రానిచ్చిరా లేదా యని అడుగువారే దానిని తేల్చవలెను.