దాటనివ్వని హెచ్చరిక

2011 ఆగస్టు చివర్లో ఇరాన్‌లో ఒక వ్యక్తి జీమెయిల్ తెరవబోతే క్రోమ్ అడ్డుపడింది. సర్టిఫికెట్ నమ్మదగింది కాదంది. వీపీఎన్ పెట్టుకుంటే మాత్రం పేజీ మామూలుగానే వచ్చింది. అనుమానం వచ్చి ఆ వ్యక్తి విషయాన్ని నలుగురి ముందు పెట్టడంతో తీగ లాగితే డొంకంతా కదిలింది.

డొంక నెదర్లాండ్స్‌లోని బెవర్‌వైక్‌లో ఉంది. సైటు అసలుదేనని పూచీపడే సర్టిఫికెట్లు జారీచేసే డిజినోటార్ సంస్థ సర్వర్లలోకి దొంగలు చొరబడి, జులై 10న గూగుల్ సైట్లకు చెల్లే నకిలీ సర్టిఫికెట్ పుట్టించారు. జులై 19కే సంస్థకు చొరబాటు సంగతి తెలిసింది. కొన్ని నకిలీలను రద్దుచేసి, బయటికి పొక్కనివ్వలేదు. ఆ మౌనమే అసలు నేరం. తర్వాత భద్రతా సంస్థ ఫాక్స్-ఐటీ దర్యాప్తులో తేలినదాని ప్రకారం, నకిలీ సర్టిఫికెట్ ఎదురైన ఐపీ చిరునామాలు సుమారు 3 లక్షలు. దాదాపు అన్నీ ఇరాన్‌వే. ఆ జనం ఉత్తరాలను మధ్యలో ఎవరో చదవగలిగే స్థితి అది.

మిగతా బ్రౌజర్లు ఎందుకు ఊరుకున్నాయి? 1995లో నెట్‌స్కేప్ సంస్థ ఎస్‌ఎస్‌ఎల్ అనే భద్రతా పద్ధతి తెచ్చిన నాటి నుంచీ ఏర్పాటు ఒకటే: బ్రౌజర్ జాబితాలోని ఏ సంస్థ పూచీ ఇచ్చినా, ఏ సైటుకైనా అది చెల్లుతుంది. డిజినోటార్ ఆ జాబితాలో ఉంది. గూగుల్ సైట్లకు ఎవరి పూచీ చెల్లుతుందో క్రోమ్ మాత్రం తనలోనే రాసిపెట్టుకుంది. పైగా ఆ హెచ్చరికను దాటే మీటే పెట్టలేదు.

అదే మేలు చేసింది. మామూలు సర్టిఫికెట్ హెచ్చరికలకు ఆ మీట ఉండేది. గడువు తీరిన సర్టిఫికెట్లు, కంప్యూటర్‌లో తప్పు తేదీలు కూడా ఎర్ర హెచ్చరిక పేజీనే తెప్పిస్తుంటే జనం చూడకుండానే నొక్కడం అలవాటు చేసుకున్నారు. దేవదత్త అఖావే, ఏడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో క్రోమ్ వాడేవారు ఇలాంటి హెచ్చరికల్లో 70 శాతం దాటుకుని పోయారు. ఫైర్‌ఫాక్స్‌లో అది 33 శాతమే. అప్పట్లో అక్కడ దాటాలంటే ఎక్కువసార్లు నొక్కాల్సి వచ్చేది.

డిజినోటార్ 2011 సెప్టెంబరులోనే దివాలా తీసింది. జబ్బు పోలేదు. 2014 జులైలో మన దేశంలోనే నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ పేరిట గూగుల్ సైట్లకు అనధికార సర్టిఫికెట్లు బయటపడ్డాయి. అప్పుడు మాత్రం రద్దు రోజుల్లోనే జరిగింది.

పూచీ ఇచ్చేవారి మీద నిఘా పెట్టాలన్న ఆలోచన ఈ దెబ్బల నుంచే బలపడింది. జారీ అయిన ప్రతి సర్టిఫికెట్‌నూ ఎవరైనా చూడగలిగే బహిరంగ చిట్టాల్లోకి ఎక్కించే పద్ధతి 2013లో రూపుదిద్దుకుంది. 2018 ఏప్రిల్ 30 తర్వాత జారీ అయినవి ఆ చిట్టాకెక్కకపోతే క్రోమ్ సైటు తెరవకుండా హెచ్చరిక చూపుతోంది.